రోటావేటర్ లేపితే 'టక్కు'మంటోంది – పిన్నులు రెండుసార్లు మార్చినా మళ్ళీ లూజే

ఎడమకాలువ రైతు (మిర్యాలగూడ వైపు) – మే 11, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాది 50 హెచ్‌పీ బండి. ట్రాక్టరు కొని తొమ్మిదేళ్ళు, మీటరు 5,200 గంటలు. ఎక్కువ పని తిరిగే బ్లేడ్లతో దున్నే రోటావేటర్‌తోనే, ఆ తర్వాత దమ్ము (వరికి బురద దున్నడం), మధ్యమధ్యలో కిరాయికి ట్రాలీ.

రెండు నెలల నుంచి రోటావేటర్ లేపినప్పుడల్లా కుడివైపు 'టక్కు'మని చప్పుడు. గట్టు దగ్గర తిప్పుకునేటప్పుడు రోటావేటర్ అటూ ఇటూ నాలుగు వేళ్ళ మేర ఊగుతోంది. దున్నిన చాలు చూస్తే కుడిపక్క లోతు, ఎడమపక్క పైపైన. లెవలింగ్ హ్యాండిల్ తిప్పి సరిచేస్తే అర ఎకరం దున్నేసరికి మళ్ళీ మొదటికే వస్తోంది.

మార్చిలో రోటావేటర్ కింది పిన్నులు రెండూ (ట్రాక్టరు కింది ఆర్మ్‌లకి, అంటే పనిముట్టుని మోసి లేపే రెండు కడ్డీలకి తగిలించేవి) మార్చాను. ఇరవై రోజులు బాగుంది. ఏప్రిల్‌లో మళ్ళీ మార్చాను, ఈసారి పన్నెండు రోజులే. పైగా డ్రైవరు లించ్ పిన్ను (పెద్ద పిన్ను జారిపోకుండా కొసకి పెట్టే చిన్న పిన్ను) ఎక్కడో పారేసి దాని స్థానంలో మేకు వంచి పెట్టాడు. నేను చూసేదాకా ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియదు.

దమ్ముకి ఇంకా టైముంది, ఈలోపే తేల్చుకోవాలి. పిన్నులే నాసిరకమా? కింది ఆర్మ్‌లు మొత్తం మార్చాలా? షాపువాళ్ళు ఆర్మ్‌లు మార్చమనే అంటున్నారు. వాళ్ళు ఇంకేమంటారు!

---

పాతపానా (తణుకు) – మే 11, రాత్రి 10:05

తమ్ముడూ, ఏదీ కొనకు. ముందు చప్పుడు ఎక్కడిదో పట్టుకో. నేను ముప్పై ఏళ్ళు ఈ పనే చేశాను. ఇలాంటి కేసుల్లో పిన్ను దోషం సగమే ఉంటుంది, మిగతా సగం పిన్ను దూరే రంధ్రంలో ఉంటుంది. ఇంకోటి కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. అది తర్వాత చెప్తాను.

రేపు ఇలా చెయ్. బండి సమమైన నేల మీద ఆపు. రోటావేటర్ పూర్తిగా కిందికి దించి చెక్క దిమ్మల మీద కూర్చోబెట్టు, ఆర్మ్‌ల మీద బరువు పడకూడదు. ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకో. హైడ్రాలిక్ మీద లేపి ఉంచిన పనిముట్టు కింద తల పెట్టొద్దు, ఎంత కొత్త బండైనా సరే. సీలు కారితే మెల్లగా దిగుతుంది, ఎవరి చెయ్యో లివరుకి తగిలితే ఒక్కసారే దిగుతుంది.

తర్వాత గడ్డపార తీసుకుని ఒక్కో జాయింటు దగ్గర పైకి తన్ను. వెనక బాల్ (పిన్ను దూరే రంధ్రం ఉన్న గుండు) దగ్గర, లిఫ్ట్ రాడ్ (ఆర్మ్‌ని పైకి లాగే కడ్డీ) కింది ఫోర్కు దగ్గర, లిఫ్ట్ రాడ్ పై కొస దగ్గర, టాప్ లింక్ (పైన మధ్యలో ఉండే మూడో కడ్డీ) రెండు కొసల దగ్గర, చెక్ చైన్ల (ఆర్మ్‌లు పక్కకి ఊగకుండా ఆపే గొలుసులు) దగ్గర. మరీ ముఖ్యంగా ఆర్మ్ ముందు కొస, అంటే టైరు వెనకాల యాక్సిల్ కిందికి పోయి తగులుకునే చోట. ఒకరు తన్నాలి, ఒకరు టార్చి పట్టుకుని చూడాలి. వేలు మాత్రం ఎక్కడా పెట్టొద్దు.

వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) ఉంటే కొలతలు కూడా రాయి.

---

ఎర్రచెలక (దేవరకొండ) – మే 11, రాత్రి 10:31

అన్న, ఇంత తతంగం అక్కర్లేదు. నాకూ ఇట్లనే అయింది. పిన్నులు తీసి పారేసి హార్డ్‌వేర్ షాపులో 20 ఎంఎం బోల్టులు ఇంత పొడుగువి తెచ్చి, నట్టు బిగించి, నట్టు మీద వెల్డింగ్ పాయింటు పెట్టించిన. రెండేళ్ళాయె, కదలలే.

---

లేత్ బాబాయ్ (విజయవాడ ఆటోనగర్) – మే 11, రాత్రి 11:02

కదల్లేదంటే నువ్వు దిగి చూడలేదన్నమాట 😀

28 పిన్ను ఉండాల్సిన చోట 20 బోల్టు పెడితే దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల సందు. లేపిన ప్రతిసారీ నాలుగొందల కిలోల రోటావేటర్ ఆ తొమ్మిది మిల్లీమీటర్లు జారి దెబ్బ కొడుతుంది. సుత్తి దెబ్బే అది, పట్టుకునే చెయ్యి హైడ్రాలిక్‌ది, అంతే తేడా.

రెండోది, షాపులో దొరికే బోల్టుల్లో చాలావాటికి తల దాకా మర (థ్రెడ్) ఉంటుంది. పిన్ను పని చేసేది నున్నటి ఒళ్ళు. మర ఉన్న బోల్టు రంధ్రంలో కూర్చుంటే మర కొనలు మాత్రమే ఆనుతాయి. నెల తిరిగేసరికి ఆ కొనలు అరిగి బోల్టు సన్నబడుతుంది, మధ్యలో రంధ్రాన్ని ఆకురాయిలా గీరేస్తుంది కూడా. మర అడుగున ఉండే గాడిలోనే పగులు మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చే విరిగిన బోల్టుల్లో ఎక్కువ శాతం మర మొదలయ్యే గాడి దగ్గరే తెగి ఉంటాయి. ఒక్కసారి విరిగిన ముఖం చూడు: కొంత భాగం నల్లగా, పాతగా, సముద్రపు గవ్వ మీది గీతల్లా ఉంటుంది, మిగతా చిన్న భాగం తెల్లగా గరుగ్గా ఉంటుంది. ఆ నల్లది నెలల తరబడి పగులుతూ వచ్చింది, తెల్లది చివరి రోజున తెగింది.

అందుకని ఎక్కడైనా బోల్టు వాడక తప్పకపోతే, నున్నటి భాగం రంధ్రాన్నంతా దాటేలా కాస్త పొడుగు బోల్టు తీసుకుని, మిగిలిన మర కోసేయాలి.

---

ఎర్రచెలక – మే 11, రాత్రి 11:10

దిగి చూడలే, నిజమే. రేపు చూస్త.

---

ఎడమకాలువ రైతు – మే 12, మధ్యాహ్నం 1:40

పాతపానా గారూ, మీరు చెప్పినట్టే చేశాం. మా తమ్ముడు గడ్డపార, నేను టార్చి. కొలతలు మిల్లీమీటర్లలో (ఊళ్ళో పాలిటెక్నిక్ చదివే కుర్రాడి వెర్నియర్):

కుడి పిన్ను అరగని చోట 27.9, అరిగిన చోట 26.1. పన్నెండు రోజుల పిన్ను అండీ ఇది! చేత్తో తడిమితే మెట్టు తెలుస్తోంది.
కుడి బాల్ రంధ్రం పైనుంచి కిందికి 31.5, అడ్డంగా 29.6. అంటే కోడిగుడ్డు ఆకారం.
ఎడమ బాల్ రంధ్రం 29.3, దాదాపు గుండ్రమే.
టాప్ లింక్ పిన్ను బండివైపు 24.2.
కుడి లిఫ్ట్ రాడ్ ఫోర్కు పిన్ను, చూస్తేనే వంకర.

ముందు కొస దగ్గర మట్టి గడ్డకట్టి ఏమీ కనపడలేదు. సాయంత్రం కడిగి చూస్తాను.

---

లేత్ బాబాయ్ – మే 12, మధ్యాహ్నం 2:15

పిన్ను నాసిరకమే. దానికి తోడు రంధ్రం కూడా పోయింది. రెండూ కలిశాయి.

నీ బండిది కేటగిరీ 2 (పనిముట్టు తగిలించే సైజుల వర్గం). దాని కింది పిన్ను 28, బాల్ రంధ్రం 28.7 ఉండాలి. ఆ ముప్పాతిక మిల్లీమీటరు సందు కావాలనే ఇస్తారు, లేకపోతే మట్టి పడ్డాక పనిముట్టు తగిలించలేవు. చిన్న బండ్లది కేటగిరీ 1. దానికి పిన్ను 22, రంధ్రం 22.4. టాప్ లింక్ పిన్ను కేటగిరీ 1కి 19, కేటగిరీ 2కి 25.5. ఇది ప్రపంచమంతా ఒకటే కొలత. మన దేశంలో దీని ప్రమాణం ఐఎస్ 4468.

31.5 రంధ్రంలో కొత్త 28 పిన్ను వేస్తే ఏమవుతుంది? పూర్తిగా ఆనాల్సిన పిన్ను ఒక సన్నగీత మీద ఆనుతుంది. మొత్తం బరువు ఆ గీత మీదే. అందుకే మొదటిది ఇరవై రోజులు, రెండోది పన్నెండు. మూడోది వేస్తే వారమే.

ఒక ప్రశ్న. ఎడమది బాగుండి కుడిది ఇంతలా ఎలా పోయింది? నీకు మాత్రమే తెలిసిన కారణం ఏదో ఉండాలి. వేరే పనిముట్టు ఏదైనా కట్టావా?

---

ఎడమకాలువ రైతు – మే 12, మధ్యాహ్నం 2:50

ఇప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఏడాది మా బావ పాత తొమ్మిది పళ్ళ కల్టివేటర్ ఒక సీజను మొత్తం వాడాను. అది ఆయన 35 హెచ్‌పీ బండిది. పిన్నులు సన్నగా ఉన్నాయి. ఎడమవైపు ఏదో గొట్టం తొడిగి ఉంది, కుడివైపు లేదు. 'ఏం కాదులే' అన్నాడు బావ.

---

పాతపానా – మే 12, మధ్యాహ్నం 3:04

దొరికింది దొంగ. బావగారికి నమస్కారాలు.

ఆ 'ఏదో గొట్టం' పేరు రెడ్యూసింగ్ బుష్. లోపల 22, బయట 28. సన్న పిన్నుల పనిముట్టుని పెద్ద బాల్‌లో పెట్టాలంటే అది ఉండాలి. కుడివైపు అది లేకుండా సీజనంతా రాళ్ళ పొలంలో గొర్రు కొట్టావు. ఆరు మిల్లీమీటర్ల సందులో పిన్ను ఎగిరెగిరి కొట్టింది. బుష్ ధర అడిగావా ఎప్పుడైనా? రెండు టీలు, నాలుగు సమోసాల ఖర్చు.

---

నల్లరేగడి (అద్దంకి) – మే 12, సాయంత్రం 4:20

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. బాల్‌కి గ్రీజు పెట్టాలా వద్దా? మా నాన్న పెట్టమంటాడు, మా డ్రైవరు వద్దంటాడు. ఇంట్లో రోజూ గొడవే.

---

పాతపానా – మే 12, సాయంత్రం 4:45

గ్రీజు నిప్పిల్ ఉన్న చోటల్లా పెట్టు, అంటే లెవలింగ్ బాక్సు, లిఫ్ట్ రాడ్, రాకర్ షాఫ్ట్. మట్టిలో మునిగే వెనక బాల్‌కి నేనైతే పెట్టను. ఇసుకని గ్రీజులో కలిపితే వాల్వు సానపట్టే పేస్టు తయారవుతుంది. నల్లరేగడిలో ఇసుక తక్కువ కాబట్టి మీ నాన్న మాట అక్కడ కొంత నడుస్తుంది. మా లంకల్లో అయితే పెట్టినవాడి బాల్ ముందు పోతుంది. దీని మీద మెకానిక్కుల్లోనే ఏకాభిప్రాయం లేదు, మీ ఇంట్లో వస్తుందని ఆశపడకు.

పనయ్యాక కడిగి, ఎత్తిపెట్టే ముందు కాస్త పాత ఆయిలు రాయమను. ఇద్దరూ ఒప్పుకుంటారు.

---

గార్లదిన్నె బ్యాచ్ (అనంతపురం) – మే 12, సాయంత్రం 5:30

టాప్ లింక్ పిన్ను 24.2 అన్నావు కదా అన్నా, దాన్ని అందరూ వదిలేశారు. నేను గార్లదిన్నె సెంట్రల్ గవర్నమెంట్ వ్యవసాయ యంత్రాల ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు మా సారు దీని మీదే ఒక పూట చెప్పాడు.

నాగలో గొర్రో నేలలో నడుస్తుంటే టాప్ లింక్ ముందుకి నొక్కుతుంది. చాలా బండ్లలో ఆ నొక్కుడుని వెనక ఉన్న స్ప్రింగు పట్టుకుని హైడ్రాలిక్‌కి చెప్తుంది. నేల గట్టిపడితే కొంచెం లేపు, మెత్తబడితే దించు అని. అదే డ్రాఫ్ట్ కంట్రోల్. పిన్ను దగ్గర లూజు ఉంటే ఆ కబురు ఆలస్యంగా చేరుతుంది. దాంతో గొర్రు ఊరికే పైకీ కిందికీ ఎగురుతుంది. జనం పంపు పోయిందనుకుని హైడ్రాలిక్ కవర్ విప్పిస్తారు. రెండొందల పిన్నుతో పోయేదానికి వేలు తగలేస్తారు.

పనిముట్టుని గాల్లోకి లేపితే మాత్రం కథ తిరగబడుతుంది. అప్పుడు టాప్ లింక్ వెనక్కి లాగబడుతుంది, పనిముట్టు వెనక్కి వాలకుండా అదే పట్టుకుంటుంది. రోడ్డు మీద పోతుండగా ఆ పిన్ను తెగితే రోటావేటర్ వెనక్కి బోర్లా పడుతుంది. దాని వెనక మోటార్ సైకిల్ మీద వచ్చేవాడి సంగతి ఆలోచించు. మేకు పెట్టిన డ్రైవరుకి ఇది చదివి వినిపించు.

---

చరిత్ర పిచ్చోడు (హైదరాబాద్) – మే 12, రాత్రి 8:10

కొంచెం పక్కదారి. కింద రెండు ఆర్మ్‌లు, పైన ఒక టాప్ లింక్‌తో పనిముట్టుని తగిలించే ఈ మూడు పాయింట్ల పద్ధతి ఐర్లండ్‌కి చెందిన హ్యారీ ఫెర్గూసన్‌ది. అంతకుముందు నాగలిని ఊరికే వెనక తగిలించి లాగేవారు. నాగలి రాయికి తగిలితే వెనక చక్రం ఆగదు కాబట్టి బండి ముందు భాగం లేచి డ్రైవరు మీదే తిరగబడేది. ఫెర్గూసన్ పైనొక లింకు పెట్టి, రాయి తగిలినప్పుడు పుట్టే బలాన్ని ఆ లింకు ద్వారా ముందుకి, ముందు చక్రాలని నేలకి అదిమేలా మళ్ళించాడు. 1939లో ఫోర్డ్‌తో కలిసి తెచ్చిన 9ఎన్ ట్రాక్టరుతో అది అంతటా పాకింది. అంటే టాప్ లింక్ పుట్టిందే మనిషి ప్రాణం కోసం. దాని పిన్ను బదులు మేకా!

---

ఎడమకాలువ రైతు – మే 12, రాత్రి 9:25

మేకు పెట్టింది కింది పిన్నుకండీ, టాప్ లింక్‌కి కాదు. అయినా వాడికి చదివి వినిపించాను. 'ఆ మేకు మంచిదన్నా, నాలుగంగుళాలది' అన్నాడు.

ఇప్పుడు అసలు విషయం. ముందు కొస కడిగాను. ఆర్మ్ ముందు కొసని పట్టుకునే బ్రాకెట్ యాక్సిల్ హౌసింగ్‌కి (ఇరుసు చుట్టూ ఉండే గూడుకి) నాలుగు బోల్టులతో ఉంది. ఎడమవైపు నాలుగూ గట్టిగా ఉన్నాయి. కుడివైపు ఒకటి లేనే లేదు, ఖాళీ రంధ్రం. రెండు చేత్తో తిరుగుతున్నాయి. నాలుగోది గట్టిగా ఉంది కానీ దాని తల చుట్టూ కుంకుమ పెట్టినట్టు ఎర్రటి పొడి. బ్రాకెట్ అంచు దగ్గర హౌసింగ్ మీద మెరిసే గీత కూడా ఉంది.

పాతపానా గారూ, మీరు ఎవరూ చూడరన్నది ఇదేనా?

---

పాతపానా – మే 12, రాత్రి 9:40

ఇదే. బండిని ఇక ఒక్క గంట కూడా పనికి తిప్పొద్దు.

ఆ ఎర్రపొడి రెండు ఇనుములు ఒకదాని మీద ఒకటి కదులుతూ రాలిన తుప్పు. బోల్టు బిగుతుగా ఉంటే ఆ పొడి రాదు. బయటికి గట్టిగా కనిపించినా అది లోపల సాగిపోయింది. మొత్తం లాగుడు ఇప్పుడు ఆ ఒక్క బోల్టు మీద ఉంది.

హౌసింగ్ పోత ఇనుము. లూజు బోల్టు దాని మరలని తినేస్తుంది, ఇంకా పోతే రంధ్రం దగ్గర పగులుతుంది. బోల్టు, వాషరు, మనిషి కూలీ కలిపి వేయి రూపాయల పని. హౌసింగ్ పగిలితే వెనక చక్రం విప్పి, యాక్సిల్ తీసి, ఆయిలు దించి... ఆ లెక్క నేను రాయను, నీకు రాత్రి నిద్రపట్టదు. భీమవరం వైపు ఒకాయన బండికి అలాగే జరిగితే నేనే విప్పాను. చేపల చెరువు గట్టు మీద మధ్యాహ్నం పూట, ఎండలో, కింద టార్పాలిన్ పరిచి. నాలుగు రోజులు పట్టింది.

---

రాణిగంజ్ బోల్టులు (సికింద్రాబాద్) – మే 12, రాత్రి 10:15

ఎడమకాలువ అన్నా, బోల్టులు కొనే ముందు రెండు మాటలు. నాది బోల్టుల షాపే, కాబట్టి అమ్ముకోడానికి చెప్తున్నానని అనుకోకండి. నా దగ్గర కొనక్కర్లేదు కూడా.

తల మీద 8.8 అని గుద్ది ఉన్నవి అడగండి. ఆ గుర్తు లేనిది గేటు బిగించడానికి. 8.8లో ముందున్న 8 అంటే చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల దాకా తట్టుకుంటుందని, చుక్క తర్వాత 8 అంటే అందులో 80 శాతం దాకా సాగకుండా తిరిగి వస్తుందని. 10.9 ఇంకా గట్టిది, కానీ మీ మాన్యువల్‌లో 8.8 ఉంటే అదే వేయండి.

ముఖ్యమైనది మర. మన దగ్గర పాత డిజైన్ బండ్లలో అంగుళాల మర, కొత్తవాటిలో మిల్లీమీటరు మర ఉంటుంది. ఒకే బండిలో రెండూ కలిసి ఉండటం కూడా చూశాను. ఐదెనిమిదుల అంగుళం బోల్టు అంటే 15.9 ఎంఎం. 16 ఎంఎం బోల్టుతో పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. రెండు చుట్లు తిరుగుతుంది, మూడో చుట్టుకి పట్టేస్తుంది. అప్పుడు పైపు తొడిగి బలంగా తిప్పేవాడు హౌసింగ్‌లో మర తెంపేస్తాడు. అంగుళాల బోల్టు తల మీద అంకెలుండవు, గీతలుంటాయి. మూడు గీతలు ఒక రకం, ఆరు గీతలు దానికంటే గట్టి రకం. ఎడమవైపు మంచి బోల్టు ఒకటి విప్పి, దాన్నే పట్టుకెళ్ళి షాపులో నట్టు వేసి చూసి కొనండి.

---

రోటావేటర్ కిరాయి (జగిత్యాల) – మే 12, రాత్రి 10:40

గట్టి బోల్టు మాట వచ్చింది కాబట్టి నా తిప్పలు చెప్త. రోటావేటర్ పీటీఓ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని రోటావేటర్‌కి అందించేది) మీద ఒక సన్న బోల్టు ఉంటది. రాయి తగిల్తే అది తెగాలె. నాకు ఊకె తెగుతుందని మా దగ్గర ఒకాయన 10.9 వేసిండు. బోల్టు తెగలే, గేరుబాక్సు పిన్యన్ పళ్ళు తెగినయ్. తెగడానికే పుట్టిన బోల్టు అది. ఆ ఒక్క దాని జోలికి పోకుండ్రి.

---

ఎడమకాలువ రైతు – మే 13, ఉదయం 7:05

బోల్టు సంగతి అర్థమైంది. కోడిగుడ్డు రంధ్రం సంగతేంటి? ఆర్మ్ మొత్తం మార్చాలా? లేక వెల్డింగ్‌తో నింపి మళ్ళీ డ్రిల్లు కొట్టించాలా?

---

లేత్ బాబాయ్ – మే 13, ఉదయం 8:30

నీ ఆర్మ్‌లో రంధ్రం ఉన్నది బాల్‌కి. బాల్ చుట్టూ గూడు బాగుండి బాల్ మాత్రమే పోతే, గూడులోంచి బాల్ తీసి వేరేది వేయడం చాలా ఆర్మ్‌లకి కుదరదు. చుట్టూ నొక్కి మూసేసి ఉంటారు. బాల్‌ని వెల్డింగ్‌తో నింపితే ఆ వేడికి గూడులోనే పట్టుకుపోయి తిరగడం మానేస్తుంది. తిరగని బాల్ మళ్ళీ పిన్నునే తింటుంది.

అందుకే వెల్డింగ్ బాల్ కొసలని విడిగా అమ్ముతారు. ఆర్మ్ పాత కొస కోసేసి కొత్తది అతికిస్తారు. ఇది మంచి పద్ధతే, కానీ చేతిలో పని ఉన్నవాడు చేయాలి.

ఆర్మ్‌ని బండి మీద ఉంచి వెల్డింగ్ చేయనివ్వకు, విప్పి బల్ల మీద పెట్టించు. కోయకముందే, ఆర్మ్ ముందు కొస రంధ్రం మధ్య నుంచి వెనక కొస రంధ్రం మధ్యకి పొడుగు కొలిచి గోడ మీద రాసుకో. కుడి, ఎడమ ఆర్మ్‌ల పొడుగులో తేడా వస్తే రోటావేటర్ జన్మంతా వంకరగానే నడుస్తుంది. అంచులు రెండువైపులా ఏటవాలుగా సాన పట్టి, సందు అడుగు దాకా నింపాలి. పైన బొద్దుగా కనిపించే అతుకు చూసి మోసపోకు.

ఆర్మ్ మామూలు ఇనుము కాదు, కార్బన్ ఎక్కువ ఉంటుంది. చల్లటి ముక్క మీద మామూలు 6013 రాడ్డు కొడితే అతుకు పక్కన గాజులా పెళుసెక్కి పగులుతుంది. గ్యాసుతో ముందు వేడి చేయించు, నీళ్ళ చుక్క వేస్తే వెంటనే చిటపటలాడి ఆవిరయ్యేదానికంటే ఇంకాస్త ఎక్కువగా. 7018 రాడ్డు వాడమను, అదీ పొడిగా ఉన్న డబ్బాలోది. అతుకు అయ్యాక నీళ్ళు పోయొద్దు. పొడి బూడిదలో కప్పి రాత్రంతా వదిలెయ్. మా తాత కమ్మరి కొలిమి దగ్గర అదే చేసేవాడు, ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

పిన్నులు లేత్‌లో చేయించుకోవాలనుకుంటే ఈఎన్8 అనే ఉక్కు రాడ్డుతో చేయించు. తళతళలాడే మామూలు బ్రైట్ బార్‌తో చేసిస్తారు, అది నెలకే వంగుతుంది. అలాగని మొత్తం గట్టిపరచిన పిన్ను కూడా వద్దు, విరుగుతుంది. పైపొర గట్టిగా, లోపల సాగేలా ఉండాలి. అది లేత్ షాపులో అయ్యే పని కాదు. అందుకే నా పని నేనే పోగొట్టుకుంటూ చెప్తున్నా, పిన్ను మాత్రం కంపెనీదే కొనుక్కో.

---

టెక్సాస్ మామిడితోట (హ్యూస్టన్ దగ్గర) – మే 13, ఉదయం 9:15

చదువుతుంటే ముచ్చటేసింది. ఇక్కడ నాది 25 హెచ్‌పీ చిన్న బండి, అదే 22 పిన్ను, అదే లించ్ పిన్ను. మా పక్క పొలం పెద్దాయన లించ్ పిన్ను పోతే స్క్రూడ్రైవర్ పెట్టి తిరుగుతాడు. మీ మేకే నయం.

---

దాళ్వా దమ్ము (తాడేపల్లిగూడెం) – మే 13, ఉదయం 10:50

బ్రాకెట్ బోల్టులు ఎందుకు లూజయ్యాయో కూడా చూడండి, లేదంటే మళ్ళీ అవుతాయి. చెక్ చైన్లు ఎలా బిగిస్తారు మీరు?

నా బండికి చైన్ కట్టే చోటు ఆర్మ్ తిరిగే పిన్ను కంటే కిందుగా ఉంటుంది. అంటే పనిముట్టు కింద ఉన్నప్పుడు చైన్ వదులుగా కనిపిస్తుంది, లేపేకొద్దీ బిగుస్తుంది. నా డ్రైవరు రోటావేటర్ కింద ఉన్నప్పుడే తీగలా బిగించేవాడు. లేపగానే చైన్ రెండువైపుల నుంచీ లాగి, బ్రాకెట్ బోల్టుల్ని పెకిలించేది. ఇప్పుడు పైకి లేపి, కింద దిమ్మలు పెట్టి, అప్పుడు చూసి బిగిస్తున్నాం. రోటావేటర్‌కి కొంచెమే ఊపు, గొర్రుకి ఇంకాస్త ఎక్కువ. ఆర్మ్ టైరుకి తగలకుండా ఉంటే చాలు.

---

ఎడమకాలువ రైతు – మే 13, ఉదయం 11:20

సరిగ్గా మావాడూ అదే చేస్తాడు. 'తీగలా ఉండాలన్నా' అంటాడు.

---

ఎడమకాలువ రైతు – మే 19, రాత్రి 8:45

పని అయింది. చెప్తాను, కొంచెం పొడుగే.

కుడి ఆర్మ్ విప్పడానికే ఒక పూట పట్టింది. ఆర్మ్ ముందు కొస పిన్ను తుప్పుతో పట్టేసింది. అంతకుముందు రెండు రోజులు డీజిల్ పోస్తూ వచ్చాం. మర దెబ్బ తినకుండా కొస మీద నట్టు ఎక్కించి, ఇత్తడి దిమ్మ అడ్డం పెట్టి కొడితే కదిలింది. బయటికి వచ్చాక చూస్తే ఒక పక్క నెలవంకలా అరిగి ఉంది. మా అమ్మ చూసి 'ఇది చెరుకు నమిలినట్టుంది' అంది.

గట్టిగా ఉందనుకున్న నాలుగో బోల్టు విప్పుతుంటే సగంలో తెగింది. లోపల ఉన్న ముక్కని మెకానిక్ మధ్యలో సన్న డ్రిల్లు కొట్టి, ఎడమ మర ట్యాప్ దించి వెనక్కి తిప్పి తీశాడు. ఆ గంటసేపు నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. బోల్టు లేని ఖాళీ రంధ్రంలో మర పోయింది, దానికి స్ప్రింగు మర ఇన్సర్ట్ వేశాడు. హౌసింగ్ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, పైన ముగ్గుపిండి చల్లి చూశాం. పగులు ఉంటే లోపలి కిరసనాయిలు పిండి మీద గీతలా తేలుతుందట. ఏమీ తేలలేదు.

రాణిగంజ్ అన్న చెప్పినట్టు ఎడమది ఒకటి విప్పి తీసుకెళ్ళాను. మాది 16 ఎంఎం మరే. 8.8 గుర్తువి ఎనిమిది కొన్నాను, రెండువైపులా మార్చేశాం. టార్క్ పానా (బిగించే బలాన్ని కొలిచే పానా) ఎవరి దగ్గరా లేదు. మెకానిక్ లెక్క: 200 న్యూటన్ మీటర్లు అంటే మీటరు పొడుగు పైపు కొస మీద ఇరవై కిలోల బలం. తూకం వేసే స్ప్రింగు కాటా పైపుకి తగిలించి లాగాడు. మిర్చి బస్తాల కాటా అది!

ఆర్మ్ కొస బాల్‌ని లేత్ బాబాయ్ చెప్పిన పద్ధతిలోనే అతికించారు. బూడిద మా ఇంటి పొయ్యిదే. టాప్ లింక్ పిన్నులు రెండూ, లిఫ్ట్ రాడ్ ఫోర్కు పిన్ను కొత్తవి వేశాం. రోటావేటర్ పిన్నులు కూడా మార్చాం, ఈసారి బిల్లు ఇచ్చే షాపులో కొన్నవి. బావ కల్టివేటర్‌కి బుష్ కొని నేనే తొడిగి ఇచ్చాను. మొత్తం నాలుగు వేల ఎనిమిది వందలు అయింది. అందులో కూలీనే సగం.

ఈరోజు రెండెకరాలు దున్నాను. టక్కు లేదు. చాలు సమంగా వచ్చింది.

---

పాతపానా – మే 19, రాత్రి 9:10

బాగా చేశావు. ఐదు గంటల పని అయ్యాక ఆ ఎనిమిది బోల్టులూ మళ్ళీ బిగించు. కొత్త ఇనుము కుదురుకునేటప్పుడు కొంచెం వదులవుతుంది. తర్వాత యాభై గంటలకోసారి చూస్తే చాలు. బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గియ్యి. తిరిగితే గీత తెగినట్టు కనిపిస్తుంది, పానా పెట్టకుండానే తెలుస్తుంది.

---

ఎర్రచెలక – మే 20, ఉదయం 6:50

నేను కూడ దిగి చూసిన. నా 20 బోల్టు నడుము దగ్గర చిటికెన వేలంత మిగిలింది. కుడి బాల్‌లో నా బొటనవేలు పెట్టి తిప్పొచ్చు. లేత్ బాబాయ్, ఆటోనగర్‌కి ఎప్పుడు రమ్మంటవ్?

---

లేత్ బాబాయ్ – మే 20, ఉదయం 7:15

సోమవారం రా. ఆర్మ్‌లు రెండూ విప్పి తీసుకురా, ఒక్కటే తెస్తే పొడుగు కలవదు. ఆ బోల్టు కూడా తీసుకురా, షాపులో పిల్లలకి చూపించాలి.

---

నల్లరేగడి – మే 20, ఉదయం 7:40

ఎడమకాలువ అన్నా, లించ్ పిన్ను మళ్ళీ పోకుండా ఏం చేశావు?

---

ఎడమకాలువ రైతు – మే 20, ఉదయం 8:02

పాత సైకిల్ బ్రేకు తీగతో ఆర్మ్‌కే కట్టాను. రెండు స్పేరు టూల్ బాక్సులో ఉన్నాయి. మేకు మాత్రం డ్రైవరు దాచుకున్నాడు, 'ఎప్పుడైనా పనికొస్తది' అని.